ముగ్గురు పిల్లలకీ ఒకే రకం లాప్‌టాప్ కొనొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. ఉమ్మడి కుటుంబం. ఈ ఏడాది మా ఇంట్లో ముగ్గురు పిల్లలు కాలేజీల్లో చేరారు. మా అమ్మాయిది బీటెక్ సివిల్. తమ్ముడి కొడుకుది సీఎస్‌ఈలో ఏఐ-ఎంఎల్. చెల్లెలి కూతురు బీకామ్ చదువుతూ సీఏకి సిద్ధమవుతోంది. లాప్‌టాప్‌లకని మొత్తం రెండు లక్షలు పక్కన పెట్టాం. షాపులో ఒక గేమింగ్ మోడల్ చూపించారు. ఐ5-12450హెచ్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 2050 గ్రాఫిక్స్ 4 జీబీ. ఒక్కోటి 66 వేలు. మూడూ ఒకేసారి తీసుకుంటే తలా రెండు వేలు తగ్గిస్తామని, ఏ కోర్సుకైనా ఇది సరిపోతుందని అంటున్నారు. మా బావమరిదేమో మ్యాక్‌బుక్ కొంటే మళ్లీ చూసుకోనక్కర్లేదంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: మూడూ ఒకటే కొనకండి. తలా రెండు వేల చొప్పున ఆరు వేలు మిగిలే మాట నిజమే. కానీ షాపులో చూపించిన ఆ మోడల్, ఉన్నది ఉన్నట్టుగా, మీ ముగ్గురిలో ఒక్కరికీ సరిగ్గా సరిపోదు. సివిల్ అమ్మాయికి ర్యామ్ చాలదు. సీఎస్‌ఈ అబ్బాయికి ర్యామ్ చాలదు, పైగా అక్కర్లేని గ్రాఫిక్స్‌కి డబ్బు పోతుంది. బీకామ్ అమ్మాయికి బరువెక్కువ, బ్యాటరీ తక్కువ. షాపువాళ్లు అబద్ధం చెప్పారనను. ఆ ప్రాసెసర్ నిజంగా మంచిదే. కానీ లాప్‌టాప్‌ని ప్రాసెసర్ పేరు చూసి కొనకూడదు. ఆ కోర్సులో మూడు నాలుగేళ్లు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో ముందు తెలుసుకుని, అది ఏ మెషీన్‌లో నడుస్తుందో చూసి కొనాలి.

అందుకే ఈ వారం డబ్బు తీయకండి. ముగ్గురు పిల్లల చేతా ఒక పని చేయించండి. ఎవరి డిపార్ట్‌మెంట్‌లో వాళ్లు మూడో ఏడాది చదివే సీనియర్లని ఇద్దరిని పట్టుకుని మూడు ప్రశ్నలు అడగాలి. ల్యాబ్‌లో ఏ ఏ సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారు? వాటిలో ఇంటి దగ్గర లేదా హాస్టల్లో సొంత మెషీన్‌లో చేయాల్సినవి ఏవి? మీ లాప్‌టాప్ ఎక్కడ ఇబ్బంది పెట్టింది? ఈ మూడోదానికి వచ్చే జవాబే అన్నిటికన్నా విలువైనది. కాలేజీ వెబ్‌సైట్‌లో సిలబస్ పీడీఎఫ్ ఉంటే ల్యాబ్ సబ్జెక్టుల పేజీల్లో సాఫ్ట్‌వేర్ పేర్లు దొరుకుతాయి. మొదటి సెమిస్టర్‌లో ముగ్గురికీ బరువైన పనేమీ ఉండదు కాబట్టి నెల రోజులు ఆగినా నష్టం లేదు.

ఇక మీ అమ్మాయి సంగతి. సివిల్‌లో ఆటోక్యాడ్ తప్పనిసరిగా వస్తుంది. తర్వాత కట్టడాల బలం లెక్కగట్టే స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్, బిల్డింగ్ 3డీ మోడల్ చేసే రెవిట్, భూమి మ్యాపులకి క్యూజీఐఎస్ లేదా ఆర్క్‌జీఐఎస్, ప్రాజెక్ట్ షెడ్యూలింగ్‌కి ప్రిమవెరా లేదా ఎంఎస్ ప్రాజెక్ట్. వీటిలో స్టాడ్, ఈట్యాబ్స్, రెవిట్, ఆర్క్‌జీఐఎస్ ప్రో విండోస్‌లో మాత్రమే నడుస్తాయి. ఆటోక్యాడ్‌కి, క్యూజీఐఎస్‌కి మ్యాక్ వెర్షన్లు ఉన్నా ఈ నాలుగింటికీ లేవు. కాబట్టి సివిల్‌కి మ్యాక్‌బుక్ మాట ఇక్కడితో ఆపేయొచ్చు. మ్యాక్‌లో పారలల్స్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి విండోస్ నడిపించుకోవచ్చని మీ బావమరిది అనొచ్చు. కొత్త మ్యాక్‌లలో అలా నడిచేది ఏఆర్ఎమ్ అనే వేరే రకం చిప్‌కి రాసిన విండోస్. దానిమీద ఈ ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లని ఎమ్యులేషన్‌లో, అంటే ఒక చిప్‌కి రాసినదాన్ని ఇంకో చిప్‌కి అనువదించుకుంటూ తిప్పాలి, తయారీ కంపెనీల మద్దతు ఉండదు. ప్రాజెక్ట్ సమర్పించే ముందు రోజు రాత్రి ఆగిపోతే చేసేదేమీ ఉండదు.

చాలామంది సివిల్ అనగానే పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలనుకుంటారు. స్టాడ్‌లోనో ఈట్యాబ్స్‌లోనో ఒక బిల్డింగ్ ఫ్రేమ్ గీసి అనాలిసిస్ నొక్కితే ఆ లెక్కంతా చేసేది ప్రాసెసర్, ర్యామ్. గ్రాఫిక్స్ కార్డు ఆ సమయంలో దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. ఆటోక్యాడ్‌లో 2డీ డ్రాయింగ్ ఎక్కువగా ఒకే కోర్ మీద నడుస్తుంది కాబట్టి కోర్ల సంఖ్యకన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం. రెవిట్‌లో 3డీ మోడల్‌ని రంగులు, నీడలతో తిప్పి చూసేటప్పుడు మాత్రం గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది. ల్యూమియన్, ట్విన్‌మోషన్ లాంటివి దానిమీదే నడుస్తాయి, కానీ అవి సివిల్ పిల్లలకన్నా ఆర్కిటెక్చర్ పిల్లలకి రోజువారీ పని. అందుకని మీ అమ్మాయికి మధ్యస్థమైన కార్డు ఉంటే మంచిది, లేకపోయినా చదువు ఆగదు. ర్యామ్ మాత్రం 16 జీబీకి తగ్గకూడదు. రెవిట్‌కి ప్రవేశ స్థాయిలోనే 16 జీబీ కావాలని దాని తయారీదారు ఆటోడెస్క్ చెబుతోంది.

8 జీబీతో ఏం జరుగుతుందో చెప్పాలి. విండోస్ 11 ఏమీ తెరవకుండానే మూడు నాలుగు జీబీలు తీసుకుంటుంది. బ్రౌజర్‌లో పది ట్యాబులు, ఒక పీడీఎఫ్, వాట్సాప్ తెరిస్తే ఇంకో రెండు పోతాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లలో స్క్రీన్ కోసం కూడా ఈ ర్యామ్‌లోంచే కొంత వాటా వెళ్తుంది. మిగిలినదాంట్లో రెవిట్ తెరిస్తే చోటు చాలక విండోస్ ర్యామ్‌లో పట్టనిదాన్ని ఎస్‌ఎస్‌డీ మీదికి రాయడం మొదలుపెడుతుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత వేగమైనదైనా ర్యామ్ అంత వేగం కాదు. మౌస్ కదిపితే రెండు సెకన్ల తర్వాత కదులుతుంది. పిల్లలు "లాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది" అనేది చాలాసార్లు దీన్నే. ఎంత ఖరీదైన ప్రాసెసర్ ఉన్నా ఈ ఇబ్బంది పోదు.

అయితే 8 జీబీ మోడల్ కొని తర్వాత ఇంకో 8 వేయించుకుంటే పోదా అంటే, అది ఆ మోడల్ లోపల ఎలా ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. కొన్నిటిలో ర్యామ్ స్లాట్లు రెండు ఉంటాయి, ఒకటి ఖాళీగా వస్తుంది. వాటిలో అడుగు మూత ఊడదీసి సరైన ర్యామ్ పెట్టించుకోవచ్చు. కొన్నిటిలో సగం ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, ఒకే స్లాట్ ఉంటుంది. సన్నటి లాప్‌టాప్‌లలో చాలావాటిలో మొత్తం అతికించే వస్తుంది. దాన్ని జీవితాంతం పెంచలేరు. స్పెసిఫికేషన్‌లో ర్యామ్ పేరు ముందు "ఎల్‌పీ" అని ఉంటే, అంటే ఎల్‌పీడీడీఆర్4ఎక్స్, ఎల్‌పీడీడీఆర్5 అని రాసి ఉంటే, అతికించినదేనని లెక్క. ఉత్త డీడీఆర్4 లేదా డీడీఆర్5 అని ఉంటే స్లాట్ ఉండే అవకాశం ఎక్కువ, కానీ ఖాయం కాదు. షాపులో డెమో పీస్ మీద చూడొచ్చు: టాస్క్‌మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే కింద "స్లాట్స్ యూజ్డ్", "ఫార్మ్ ఫ్యాక్టర్" అని కనిపిస్తాయి. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర "ఎస్‌ఓ-డిమ్" అని ఉంటే ఊడదీసే రకం. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అతికించిన రకం. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, ఆ నాచ్ వేరే చోట ఉంటుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. "తర్వాత వేయించుకుందాం" అనుకునే ముందు ఆ ర్యామ్ స్టిక్ ఇవాళ ఎంతో అడిగి, ఆ మొత్తాన్ని లాప్‌టాప్ ధరకి కలిపి, నేరుగా 16 జీబీతో వచ్చే మోడల్‌తో పోల్చండి. విడిగా వేయించడమే ఖరీదైపోయే సందర్భాలు ఇప్పుడు ఎక్కువ.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ర్యామ్ ఒక్క స్టిక్‌గా ఉండటానికీ, రెండుగా ఉండటానికీ తేడా ఉంది. ఐ5-1235యు లాంటి ఇంటెల్ ప్రాసెసర్లలో ఐరిస్ ఎక్స్‌ఈ అనే గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. ఒకే స్టిక్ ఉంటే అదే చిప్ తనని తాను యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపించుకుంటుంది, వేగం కూడా తగ్గుతుంది. రెండో స్టిక్ పెట్టగానే ఐరిస్ ఎక్స్‌ఈ అని మారుతుంది. అందుకే 16 జీబీ అన్నప్పుడు ఒకే పదహారుకన్నా రెండు ఎనిమిదులు మేలు, ముఖ్యంగా విడి గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో.

మీ అమ్మాయికి నేను చెప్పేది ఇది. ప్రాసెసర్ పేరు చివర హెచ్ లేదా హెచ్‌ఎస్ ఉన్నది: ఐ5-12450హెచ్, ఐ5-13420హెచ్, రైజెన్ 5 7535హెచ్‌ఎస్ ఏదైనా సరే. ర్యామ్ 16 జీబీ. ఎస్‌ఎస్‌డీ 512 జీబీ, ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడానికి రెండో ఎమ్.2 స్లాట్ ఉంటే ఇంకా మంచిది. గ్రాఫిక్స్ ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ చాలు. షాపులో చూపించిన 2050కి 4 జీబీయే కాక, మెమరీ దారి కూడా ఇరుకు, 64 బిట్లే. అదే షాపులో అదే మోడల్‌కి 16 జీబీ, 3050తో ఉన్న రకం ఉందేమో అడగండి. చాలా గేమింగ్ సిరీస్‌లలో ఒకే పేరు మీద నాలుగైదు రకాలు ఉంటాయి. స్క్రీన్ 15.6 లేదా 16 అంగుళాలు. 1920×1200, అంటే కొంచెం ఎత్తు ఎక్కువున్న స్క్రీన్ దొరికితే తీసుకోండి, డ్రాయింగ్ కింద కమాండ్ లైన్‌కి చోటు దొరుకుతుంది. మౌస్ మాత్రం తప్పకుండా కొనివ్వండి, మధ్య చక్రం గట్టిగా నొక్కగలిగేది. ఆటోక్యాడ్‌లో జూమ్ చేసేదీ, డ్రాయింగ్‌ని జరిపేదీ ఆ చక్రమే. టచ్‌ప్యాడ్‌తో క్యాడ్ చేయించడం అంటే పిల్లని శిక్షించడమే.

ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్లు విద్యార్థులకి ఉచితం. కాలేజీ ఐడీతో రిజిస్టర్ చేసుకుంటే ఏడాదికి లైసెన్స్ వస్తుంది, చదువుతున్నంతకాలం ఏటా పొడిగించుకోవచ్చు. ఈట్యాబ్స్ లాంటివి కాలేజీ ల్యాబ్ లైసెన్స్‌లో ఉంటే అక్కడే వాడుకోమనండి. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన క్రాక్ వెర్షన్ ఎక్కించుకోవద్దని గట్టిగా చెప్పండి. ఆ క్రాక్ ఫైల్ నడవడానికి యాంటీవైరస్ ఆపమని అడుగుతుంది. ఆపిన తర్వాత అది లోపల ఏం పెట్టినా అడ్డుకునేవాళ్లు ఉండరు. దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బ్యాంకు లాగిన్లు పోయే దారి అదే.

తమ్ముడిగారి అబ్బాయి విషయంలో అందరూ చేసే పొరపాటు వేరు. ఏఐ-ఎంఎల్ అన్నారు కాబట్టి గ్రాఫిక్స్ కార్డు పెద్దది కావాలనుకుంటారు. మొదటి రెండేళ్లు వాడేది సీ, పైథాన్, జావా, డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్. వీటికి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. మూడో ఏడాది డీప్ లెర్నింగ్ వచ్చేసరికి ఎన్‌విడియా కార్డు కావాలి, ఎందుకంటే ఆ లైబ్రరీలు ఎక్కువగా ‘కూడా’ (CUDA) అనే ఎన్‌విడియా వ్యవస్థ మీద నడుస్తాయి. కానీ 4 జీబీ కార్డుతో అక్కడ చేయగలిగేది తక్కువ. ఒక చిన్న లెక్క చూడండి. 700 కోట్ల పారామీటర్లున్న, అంటే లోపల అన్ని అంకెలు దాచుకున్న భాషా మోడల్‌ని మామూలు 16-బిట్ రూపంలో పెడితే ఒక్కో పారామీటర్‌కి రెండు బైట్లు, అంటే 14 జీబీ. ఇంకా ట్రైనింగ్ మొదలుపెట్టకముందే అంత కావాలి. 4 జీబీ కాదు, 6 జీబీ కార్డు కూడా దీనికి చాలదు. చిన్న ఇమేజ్ క్లాసిఫికేషన్ ప్రాజెక్టులు మాత్రం అవుతాయి. వాటికి నెట్‌లోనే కోడ్ నడిపించుకునే గూగుల్ కోలాబ్‌లో ఉచితంగానే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) దొరుకుతుంది, దాని మెమరీ ఈ లాప్‌టాప్ కార్డులకన్నా చాలా ఎక్కువ. అలాంటిదే అయిన కాగిల్‌లో ఫోన్ నంబర్ ధ్రువీకరించుకుంటే వారానికి దాదాపు 30 గంటల జీపీయూ సమయం ఇస్తారు. ఇవి నెట్ మీద ఆధారపడ్డవి, కోలాబ్‌లో సెషన్ మధ్యలో తెగిపోతుంది కూడా. అందుకని మోడల్ చెక్‌పాయింట్లని, అంటే అప్పటిదాకా నేర్చుకున్నదాన్ని, ప్రతి ఎపాక్ (డేటా అంతా ఒక చుట్టు చూడటం) తర్వాత డ్రైవ్‌లో దాచుకోవడం అలవాటు చేసుకోవాలి. ఈ ఇబ్బందులన్నీ ఉన్నా, ఇరవై వేలు ఎక్కువ పెట్టి చిన్న గ్రాఫిక్స్ కార్డు కొనడంకన్నా ఇదే మేలు.

ఆ ఇరవై వేలు ర్యామ్, ప్రాసెసర్, కీబోర్డ్, స్క్రీన్ మీద పెట్టండి. ఈ అబ్బాయి రోజుకి ఆరేడు గంటలు కోడ్ చూస్తాడు. ఫోన్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోకి, తెర మీదే ఫోన్‌లా నడిచే ఎమ్యులేటర్‌తో కలిపి 16 జీబీ ర్యామ్ కావాలని గూగుల్ చెబుతోంది. విండోస్‌లో లినక్స్ నేర్చుకోవడానికి డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుంటే అది మామూలు సెట్టింగ్‌లో ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు. 8 జీబీ మెషీన్‌లో సగం ఇచ్చేస్తే మిగతా విండోస్ ఎక్కడ బతుకుతుంది? కాబట్టి 16 జీబీ కనీసం, స్లాట్‌లు ఉండి రేపు 32కి పెంచుకునే వీలుంటే అదే ఎంచుకోండి. డాకర్, వర్చువల్ మెషీన్లు, ఎమ్యులేటర్ పని చేయాలంటే బయోస్‌లో (విండోస్ మొదలవ్వకముందు వచ్చే సెట్టింగ్‌లలో) వర్చువలైజేషన్ ఆన్‌లో ఉండాలి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ లేదా వర్చువలైజేషన్ టెక్నాలజీ అని, ఏఎమ్‌డీలో ఎస్‌వీఎమ్ అని ఉంటుంది. ఎమ్యులేటర్ తెరుచుకోవట్లేదని లాప్‌టాప్ మార్చేద్దామనుకునే పిల్లలు చాలామంది ఇది ఆన్ చేస్తే సరిపోయేవాళ్లే.

మ్యాక్‌బుక్ మాట సీఎస్‌ఈకి మాత్రం కొట్టిపారేయలేం. కోడింగ్‌కి చక్కగా పనికొస్తుంది, బ్యాటరీ రోజంతా వస్తుంది, ఐఫోన్ యాప్‌లు రాయాలంటే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లోనే ఉంటుంది. కానీ దాంట్లో ఎన్‌విడియా ‘కూడా’ (CUDA) లేదు, ర్యామ్, స్టోరేజ్ రెండూ తర్వాత పెంచలేం. అన్నిటికన్నా ముఖ్యం, మీ రెండు లక్షల్లో ముగ్గురికీ పంచాలి. ఒక్కడికే పెద్ద వాటా పోతుంది.

ఇక్కడే ప్రాసెసర్ పేర్ల గురించి చెప్పాలి, ఎందుకంటే షాపులో "రైజెన్ 5 ఉంది, ఐ5 ఉంది" అని చూపించి వేరేది అంటగట్టే అవకాశం ఉంది. ఏఎమ్‌డీ 7000 సిరీస్ నంబర్లలో మూడో అంకె చూడండి. రైజెన్ 5 7520యులో మూడో అంకె 2. అంటే లోపల ఉన్నది పాత జెన్ 2 డిజైన్, కోర్లు నాలుగే, దాంతో వచ్చే ర్యామ్ అతికించినదే. రైజెన్ 5 7530యులో అది 3. జెన్ 3, ఆరు కోర్లు. నంబర్‌లో ఒక్క అంకె తేడా, మెషీన్‌లో తరం తేడా. 7640హెచ్‌ఎస్‌లో అది 4, ఇంకా కొత్తది. ఇంటెల్‌లో చివరి అక్షరం చూడండి. యు అంటే సుమారు 15 వాట్ల పొదుపు రకం, హెచ్ అంటే 45 వాట్ల బరువు పని రకం. కొత్తగా వచ్చిన "కోర్ 5 120యు" పేరు కొత్తదే కానీ 13వ తరం కుటుంబానికి చెందినదే. చెడ్డదేం కాదు, కొత్త పేరు కోసం ఎక్కువ ఇవ్వక్కర్లేదంతే. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ లాప్‌టాప్‌లు బ్యాటరీలో బాగుంటాయి, కానీ ఇవి కూడా ఏఆర్ఎమ్ రకమే. డ్రైవర్లు ఏఆర్ఎమ్‌కి విడిగా రాసి ఉండాలి. ఇంజనీరింగ్ పిల్లలకీ, సీఏ పిల్లలకీ నేను వద్దనే అంటాను.

సీఏకి ఎందుకు వద్దో మీ చెల్లెలిగారి అమ్మాయి సంగతి చెబితే తెలుస్తుంది. బీకామ్‌లో వాడేది ట్యాలీ ప్రైమ్, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు, పీడీఎఫ్‌లు. ట్యాలీ విండోస్‌లోనే నడుస్తుంది. ఎక్సెల్ మ్యాక్‌లో ఉన్నా పెద్ద డేటాని విశ్లేషించే పవర్ పివట్ లాంటివి అందులో ఉండవు, పవర్ బీఐ డెస్క్‌టాప్ కూడా విండోస్‌కే. ఆర్టికల్‌షిప్‌లో (సీఏ శిక్షణలో) చేరాక క్లయింట్ల ఆఫీసులకి లాప్‌టాప్ మోసుకెళ్లాలి, డిజిటల్ సిగ్నేచర్ యూఎస్‌బీ టోకెన్ పెట్టి రిటర్న్‌లు ఫైల్ చేయాలి. ఆ టోకెన్ల డ్రైవర్లు మామూలు ఇంటెల్, ఏఎమ్‌డీ విండోస్‌లో పని చేస్తాయి. టోకెన్ పెట్టడానికి మామూలు పాత యూఎస్‌బీ పోర్టులు కనీసం రెండు ఉన్నవి చూడండి.

ఈమెకి గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా వ్యర్థం. గేమింగ్ లాప్‌టాప్ రెండు కేజీలపైన ఉంటుంది, అడాప్టర్ ఇంకో అరకేజీ. బ్యాటరీ ఎంత వస్తుందో మీరే లెక్క కట్టొచ్చు. బ్యాటరీ మీద వాట్-అవర్లు రాసి ఉంటాయి. మామూలు పనికి మెషీన్ ఎన్ని వాట్లు లాగుతుందో దాంతో భాగిస్తే గంటలు వస్తాయి. 50 వాట్-అవర్ల బ్యాటరీ గేమింగ్ మెషీన్‌లో పదిహేను వాట్లు లాగితే మూడు గంటలు దాటి కొంచెం వస్తుంది. అదే బ్యాటరీ యు రకం ప్రాసెసర్‌తో ఏడెనిమిది వాట్లే లాగితే ఆరు గంటలు దాటుతుంది. ఈమెకి ఐ3-1315యు, ఐ5-1235యు, రైజెన్ 5 7530యు ఏదైనా చాలు. ర్యామ్ 8 జీబీ ఉండి ఖాళీ స్లాట్ ఉంటే కొనొచ్చు, అతికించిన 8 మాత్రం వద్దు. పెద్ద ఎక్సెల్ షీట్లు ఆడిట్‌లోనే ఎదురవుతాయి, అప్పటికి పెంచుకునే దారి ఉండాలి.

ఒక విషయం ఆమె చేత్తో పరీక్షించి చూసుకోవాలి. 14 అంగుళాల లాప్‌టాప్‌లు తేలిక, కానీ వాటిలో చాలావాటికి కుడివైపు అంకెల కీలు విడిగా ఉండవు. వోచర్లు రోజూ కొట్టేవాళ్లకి ఆ అంకెల కీలు లేకపోతే వేగం బాగా పడిపోతుంది. 15.6 అంగుళాల్లో చాలావాటికి అవి ఉంటాయి, బరువు 1.6, 1.7 కేజీల దగ్గర ఉన్నది వెతకండి. తేలికే కావాలనుకుంటే 14 అంగుళాలది తీసుకుని, యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా కొనుక్కోవచ్చు. ట్యాలీ నేర్చుకోవడానికి లైసెన్స్ కొనక్కర్లేదు. ఎడ్యుకేషన్ మోడ్ ఉచితం, అందులో నెలలో 1, 2, 31 తేదీలతోనే వోచర్లు వేయగలం. ప్రాక్టీసుకి అది చాలు. అది తెలియక సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లున్నారు.

డబ్బు ఇలా పంచండి: సివిల్‌కి 75 వేల దాకా, సీఎస్‌ఈకి 65 వేల దాకా, బీకామ్‌కి 45 వేల దాకా. మిగిలే 15 వేలల్లో మూడు మౌసులు, వీపు సంచులు, ఇంట్లో అందరూ వాడుకునేలా ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ డిస్క్. 45 వేలల్లో కొత్తది నచ్చకపోతే బీకామ్ అమ్మాయికి మాత్రమే రిఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) బిజినెస్ సిరీస్ లాప్‌టాప్ ఆలోచించొచ్చు. వాటి కీబోర్డూ మూత కీళ్లూ గట్టివి. అయితే ఇంటెల్ 8వ తరంకన్నా పాతది వద్దు. విండోస్ 11 అంతకన్నా పాతవాటిలో దాదాపు దేనికీ అధికారికంగా రాదు, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

ఇదే ఇంట్లో రేపు ఇంకెవరైనా వేరే కోర్సులో చేరితే క్లుప్తంగా చెబుతాను. మెకానికల్‌లో సాలిడ్‌వర్క్స్, కేటియా, ఆన్‌సిస్ ఉంటాయి, మీ సివిల్ అమ్మాయికి చెప్పిన మెషీనే సరిపోతుంది. ఈసీఈ వాళ్లు వాడే వివాడో అనే చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లో రాదు, అన్ని భాగాలూ ఎంచుకుని ఎక్కిస్తే వంద జీబీ దాకా డిస్క్ తింటుంది, కాబట్టి అక్కడ గ్రాఫిక్స్‌కన్నా ఎస్‌ఎస్‌డీ ముఖ్యం. ఆర్కిటెక్చర్‌కి మాత్రం ఖర్చు తప్పదు: 32 జీబీ ర్యామ్, కనీసం 6 నుంచి 8 జీబీ గ్రాఫిక్స్, రంగులు సరిగ్గా చూపే స్క్రీన్. స్పెసిఫికేషన్‌లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే అది రంగులు వెలిసిపోయినట్టు చూపే చౌక ప్యానెల్, "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని ఉన్నది కావాలి. ఎంబీబీఎస్ పిల్లలకి తేలికైన లాప్‌టాపో, పెన్‌తో రాసుకునే ట్యాబ్లెటో చాలు.

షాపుకి వెళ్లిన రోజు తొందరపడకండి. డబ్బా మీద సీరియల్ నంబర్, లాప్‌టాప్ అడుగున ఉన్న నంబర్ ఒకటేనా చూసి, కంపెనీ వెబ్‌సైట్‌లో వారంటీ పేజీలో ఆ నంబర్ కొట్టి చూడండి. వారంటీ అప్పటికే నెలల కింద మొదలైపోయి ఉంటే అది ఎప్పుడో యాక్టివేట్ చేసిన పీస్. బిల్లు తేదీతో సరిచేయించమనండి, లేదా వేరేది ఇమ్మనండి. డబ్బా అక్కడే తెరిపించి ఆన్ చేయించండి. స్క్రీన్ మీద తెల్ల పేజీ, నల్ల పేజీ పెట్టి చుక్కలున్నాయేమో చూడండి. మూత ఒక చేత్తో ఎత్తి దాని మడత కీలు కిర్రుమంటుందేమో, స్క్రీన్ మూల వంగుతుందేమో చూడండి. టాస్క్‌మేనేజర్‌లో ర్యామ్, ప్రాసెసర్ పేరు బిల్లులో రాసినదే అయి ఉండాలి. విండోస్ అసలైనదే ఎక్కించి ఇస్తున్నారా, లేక విండోస్ లేకుండా వచ్చే డాస్ మెషీన్ ఇచ్చి ఏదో విండోస్ వేసి ఇస్తున్నారా అడగండి. చౌక మోడళ్లలో విండోస్ "ఎస్ మోడ్"లో రావచ్చు, అందులో స్టోర్‌లో లేని సాఫ్ట్‌వేర్లు ఎక్కవు. సెట్టింగ్స్‌లోంచి ఉచితంగా బయటికి రావొచ్చు, కానీ తిరిగి వెళ్లలేరు. వారంటీ ఇంటికొచ్చి బాగుచేసేదా, మనమే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలా అనేది రాతలో తీసుకోండి. తెనాలి నుంచి గుంటూరో విజయవాడో వెళ్లడం పెద్ద పని కాదు గానీ, పిల్ల వేరే ఊళ్లో హాస్టల్లో ఉంటే ఇంటికొచ్చే వారంటీ విలువ తెలుస్తుంది. కింద పడటం, నీళ్లు ఒలకడం మామూలు వారంటీలో రావు. యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా కొనాలి, హాస్టల్ పిల్లలకి అది తీసుకోండి.

ఇంటికొచ్చాక తొలి వారంలో చేయాల్సినవి మూడున్నాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఎవరి లాప్‌టాప్‌కి వాళ్ల ఈమెయిల్‌తోనే తెరవాలి, షాపువాళ్లదో ఇంకొకరిదో పెట్టనివ్వకండి. విండోస్ 11 చాలా మెషీన్లలో డిస్క్‌ని తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేసి, దాని రికవరీ కీని ఆ అకౌంట్‌లో దాస్తుంది. ఏదైనా రిపేర్ తర్వాత నీలం తెర మీద 48 అంకెల కీ అడిగితే అది ఆ అకౌంట్‌లోనే దొరుకుతుంది, లేకపోతే ప్రాజెక్టులు, ఫొటోలు అన్నీ పోయినట్టే. ఆ కీని ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. రెండోది, లాప్‌టాప్‌తో ఎంఎస్ ఆఫీస్ ఉచితంగా ఇచ్చి ఉంటే వెంటనే యాక్టివేట్ చేయండి, ఆ అవకాశానికి గడువుంటుంది. మూడోది, కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ కమాండ్ (powercfg /batteryreport) నడిపి "డిజైన్ కెపాసిటీ", "ఫుల్ చార్జ్ కెపాసిటీ" రెండూ చూసుకోండి. కొత్త మెషీన్‌లో రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. రెండోది బాగా తక్కువుంటే, మార్చుకునే గడువు దాటకముందే బిల్లు తీసుకుని షాపుకి వెళ్లండి.